తెడ్డు ఆనే చోటు

పడవ నడుస్తున్నప్పుడు మన చూపు తెడ్డు రెక్క మీదికి పోతుంది. నీళ్లు చిందేది అక్కడ కాబట్టి. తర్వాత నడిపే మనిషి భుజాల మీదికి, చేతుల మీదికి పోతుంది. ఆ రెండింటికీ మధ్య, పడవ అంచున, తెడ్డు ఆనే పిడికెడంత చోటు ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ పడవను ముందుకు తోసేది ఆ చోటే. మనిషి పెట్టిన బలం, దానికి నీళ్లు ఇచ్చిన జవాబు రెండూ కలిసి పడవకు అందేది అక్కడే. అది వదులైతే ఎంత కండబలం ఉన్నా సగం నీళ్లపాలు. అది ఎత్తు తప్పితే పిడి మోకాళ్లకు తగులుతుంది, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. పడవ నడిపే విద్యలో సగం ఈ ఆనికను సరిచేసుకోవడంలోనే ఉందని నా నమ్మకం.

నిజామాబాద్‌లోని మా కంఠేశ్వర్ నుంచి బోధన్ వైపు బయల్దేరితే చుట్టూ నీళ్లే. జానకంపేట దగ్గర అశోక్‌సాగర్, ఆ పక్కన అలీసాగర్. బోధన్ దాటి రెంజల్ మీదుగా పోతే గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి కట్టిన నిజాంసాగర్ ఉంది. గోదావరి మీద 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు, అంటే ఇప్పటి శ్రీరాంసాగర్ ఉంది. బోధన్ చుట్టూ చెరకు పండింది నిజాంసాగర్ కాలువ నీళ్లతోనే. ఆ చెరకును నమ్ముకునే 1937లో నిజాం షుగర్స్ వెలిసింది. ఈ నీళ్ల గురించి మా జిల్లాలో ఎవరు నోరు విప్పినా టీఎంసీలు, ఆయకట్టు, గేట్ల లెక్కే చెబుతారు. ఆ నీళ్ల మీద వలలేసి బతికేవాళ్ల చేతిలోని పనిముట్ల గురించి రాసినవాళ్లు బహు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

నీళ్ల మీద మనిషి మూడు రకాలుగా కదులుతాడు. ఒకటి గడ. లోతు తక్కువ ఉన్నచోట గడను అడుగున ఆనించి తోస్తే చాలు, పడవకు వేరే ఆనిక అక్కర్లేదు, నేలే ఆనిక. రెండోది చేతి తెడ్డు. పుట్టిలో కూర్చున్నవాడు రెండు చేతులతో పట్టుకుని నీళ్లను తనవైపు లాక్కుంటాడు. అక్కడ కింది చెయ్యే ఆనిక. కేరళ పాము పడవల్లో వంద మంది వేసేవీ ఇలాంటి తెడ్లే, పడవ అంచుకు ఏదీ కట్టి ఉండదు. మూడోది పొడుగు తెడ్డు. దాని బరువంతా పడవ మోస్తుంది, చేతులు లాగడం మాత్రమే చేస్తాయి. ఆనకట్ట కట్టాక వెనుక నీళ్లు నిలిచి లోతు పెరిగినచోట గడ అడుగుకు అందదు. చేతి తెడ్డుతో రెండు మైళ్లు పోయి వల లాగి మళ్లీ రెండు మైళ్లు రావాలంటే భుజాలు పోతాయి. అలాంటి నీళ్లలో పొడుగు తెడ్డు తప్పదు. అది ఉన్నచోట ఆనిక ఉండి తీరాలి.

ఇందులో ఉన్న లెక్క చిన్నదే గానీ తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 3 మీటర్ల తెడ్డు అనుకోండి. ఆనిక నుంచి పిడి దాకా 1 మీటరు, ఆనిక నుంచి రెక్క దాకా 2 మీటర్లు. పిడిని 20 కిలోల బలంతో లాగితే రెక్క నీళ్ల మీద పెట్టేది 10 కిలోలే. దూరం రెట్టింపు కాబట్టి బలం సగం. మరి ఆనిక మీద పడేది ఎంత? 20 కాదు, 10 కాదు, రెండూ కలిపి 30. పిడినీ రెక్కనూ రెండువైపులా ఒకే దిక్కుకు నెట్టుతున్న బలాలన్నీ మధ్యలో తెడ్డు ఆనే ఆ ఒక్క గూటం, అంటే నిలువు కొయ్య మీదికే చేరతాయి. మొత్తం పడవలో అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి పడే వస్తువు అదే. ఒకసారి కాదు, నిమిషానికి పాతిక ముప్పై సార్లు. పడవ అంచు చెక్క గూటం దగ్గరే ముందు చీలుతుంది. మంచి వడ్రంగి అక్కడ లోపలివైపు అదనపు దుంగ బిగించేది అందుకే.

ఇంకో సంగతి. నీళ్లలో మునిగిన రెక్క వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. ఒడ్డు మీద నిలబడి జాగ్రత్తగా చూస్తే అది దాదాపు ఉన్నచోటే ఉంటుంది, పడవే దాన్ని దాటుకుని ముందుకు పోతుంది. రెక్క నీళ్లలో పాతుకుంటే పడవ అంచు ముందుకు జరుగుతుంది. ఆనిక బాగుంటే రెక్క పాతుకుంటుంది. ఆనిక ఊగితే ఆ ఊగినంత మేరా లాగుడు వృథా. గూటం రంధ్రంలో 1 సెంటీమీటరు వదులుంటే పిడి దగ్గర ఒకటిన్నర సెంటీమీటర్లు ఊరికే కదులుతుంది. ప్రతి లాగుడు మొదట్లోనూ ఆ నష్టం జరుగుతుంది.

ఇక మన దగ్గరి పద్ధతికి వద్దాం. నాటుపడవ అంచుకు నిలువుగా ఒక గట్టి గూటం దిగ్గొట్టి ఉంటుంది. తెడ్డును దానికి తాడు ఉచ్చుతో కడతారు. అంతే. మేకు లేదు, ఇనుము లేదు. చూడటానికి ఏదో అవసరానికి కట్టినట్టుంటుంది గానీ ఆ ఉచ్చులో ఉన్న తెలివి చిన్నది కాదు. కందకుర్తి రేవులో ఒక పెద్దమనిషి పడవ ఎక్కేముందు ఆ తాడును నీళ్లలో ముంచి రెండుసార్లు పిండటం చూశాను.

"తాడెందుకు తడుపుతున్నవ్ పెద్దయ్యా?"

"ఎండిన తాడు వదులుంటది సారూ. నడి గంగల పోయినంక జారుతది. గిట్ల తడిపితె పట్టుకుంటది."

నూలు తాడు, నార తాడు తడిస్తే పోగులు ఉబ్బి పొట్టిగా అవుతాయి, ఉచ్చు బిగుస్తుంది. నైలాన్ తాడుకు ఆ గుణం లేదు. అది తడిస్తే జారుతుంది, లాగితే సాగుతుంది. ఆయన గూటం దగ్గర వాడింది పాత నూలు తాడు, వలకు వాడింది నైలాన్. ఏది ఎక్కడ పనికొస్తుందో ఆయన చేతులకు తెలుసు.

తాడు కట్టడంలో మరో మర్మం ఉంది, ఇది కొత్తవాళ్లు తరచూ తప్పు చేసే చోటు. తెడ్డు గూటానికి ముందువైపు ఉండాలా, వెనుకవైపు ఉండాలా? పడవ ముందుకు పోవాలంటే తెడ్డు గూటాన్ని ముక్కువైపు నెట్టాలి. కాబట్టి తెడ్డు గూటానికి వెనుకవైపు, చుక్కాని దిక్కున ఉండాలి. అప్పుడు లాగుడు బరువంతా చెక్క మీద పడుతుంది, తాడు తెడ్డు జారిపోకుండా పట్టుకోవడానికే. తెడ్డును ముక్కువైపు కడితే బరువంతా తాడు మీద పడుతుంది, రెండు రోజుల్లో నలిగి తెగుతుంది. వెనక్కి తోయాల్సి వచ్చినప్పుడు మాత్రం తాడే ఆధారం. రేవు చేరేటప్పుడు, వల చుట్టూ తిరిగేటప్పుడు కొద్దిసేపే కాబట్టి తాడు ఓర్చుకుంటుంది.

తాడు ఉచ్చుకు ఇనుప ఆనిక ఇవ్వలేని గొప్ప ఒకటి ఉంది. చేపలవాడికి వల లాగేటప్పుడు రెండు చేతులూ కావాలి. తెడ్డును అలాగే వదిలేస్తాడు. అది పడవ పక్కన నీళ్లలో వేలాడుతుంది గానీ కొట్టుకుపోదు. వల పని కాగానే చెయ్యి చాస్తే పిడి దొరుకుతుంది. పిడి మీంచి చెయ్యి తీస్తే తెడ్డు జారిపోయే ఆనిక ఎంత మెరుగ్గా చేసినా వలవేటకు పనికిరాదు. అందుకే దీన్ని పాతకాలపు పద్ధతి అని తీసిపారేయడం నాకు నచ్చదు. ఆ పనికి అదే సరైనది.

ఈ తాడూ గూటం జోడీ మన ఒక్కరిదే కాదు. కోస్తాలో మచిలీపట్నం, విశాఖ, మద్రాసు ఒడ్డుల్లో ఓడల నుంచి సరుకు దించిన మసూలా పడవలకు పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు, ఒక్క మేకు కొట్టేవారు కాదు. అల మీద పడినప్పుడు ఆ పడవ ఒళ్లు వంగి తట్టుకునేది. దాని తెడ్లూ గూటాలకు తాడుతో కట్టినవే. వంగే పడవకు వంగని ఇనుప ఆనిక బిగిస్తే అంచు చీలిపోతుంది, అందుకని అక్కడ తాడు వాడటం బీదరికం వల్ల కాదు, లెక్క తెలిసి. మధ్యధరా సముద్రంలో ప్రాచీన గ్రీకుల యుద్ధనావలకూ అదే పద్ధతి. ఒక్కో నావలో 170 తెడ్లు, ఒక్కో తెడ్డుకు ఒక తోలు పట్టీ. క్రీ.పూ. 429లో ఏథెన్స్ రేవు మీద దొంగదెబ్బ తీయాలని శత్రుపక్షం కోరింత్ నుంచి మెగారా రేవుకు నావికులను కాలినడకన పంపింది. ఒక్కొక్కడూ తన తెడ్డు, కూర్చునే మెత్త, తెడ్డు కట్టే పట్టీ వెంట తీసుకుపోయాడని చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. నావలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి, తెచ్చుకోవాల్సినవి ఆ మూడే. ఆనిక పట్టీని నావతో పాటు వదిలేయకుండా మనిషి తన సొంత సామానుగా చూసుకున్నాడంటే దాని విలువ అర్థమవుతుంది.

సరిచేసుకోవడం అన్నాను కదా, ఏమేం సరిచేస్తారు? నాటుపడవలో మూడు.

మొదటిది దూరం. కూర్చునే అడ్డపలక వెనుక అంచు నుంచి గూటం సుమారు ఒక అడుగు దూరంలో ఉండాలి. దగ్గరైతే లాగుడు చివర పిడి పొట్టకు గుచ్చుకుంటుంది. దూరమైతే చేతులు చాచి చాచి భుజం కీళ్లు నొప్పెడతాయి. పొడుగు మనిషికి ఇంకో రెండంగుళాలు కావాలి. అందుకే కొన్ని పడవల్లో ఒకే వైపు రెండు మూడు రంధ్రాలు ఉంటాయి, ఎవరు కూర్చుంటే వాళ్లకు తగ్గ రంధ్రంలో గూటం పెడతారు.

రెండోది ఎత్తు. దీన్ని నేను కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పడవలో బరువు మారినప్పుడల్లా ఇదీ మారుతుంది. గూటం నీటిమట్టం నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. తెడ్డు బయట 2 మీటర్లు, లోపల 1 మీటరు. రెక్క నీళ్లను తాకినప్పుడు పిడి గూటం కన్నా 20 సెంటీమీటర్ల పైన, పొట్టకూ రొమ్ముకూ మధ్య హాయిగా ఉంటుంది. ఇప్పుడు పడవలోకి నలుగురు ఎక్కారు, లేదా చేపలు నిండాయి. పడవ 20 సెంటీమీటర్లు దిగింది. పిడి ఇప్పుడు గూటానికి 10 సెంటీమీటర్ల ఎత్తులోకే వచ్చింది. రెక్కను నీళ్లలోంచి పైకి తీయాలంటే పిడిని ఇంకా కిందికి నొక్కాలి, కింద తొడలు అడ్డం. పొద్దున ఖాళీ పడవతో సుఖంగా పోయినవాడు సాయంత్రం నిండు పడవతో వచ్చేటప్పుడు కష్టపడటానికి ఇదీ ఒక కారణం. దీనికి మందు గూటం కింద చెక్క ముక్క పెట్టి అంచును లేపడం, లేదా కూర్చునే పలకను దించడం.

మూడోది లోపలి భాగానికీ బయటి భాగానికీ ఉన్న నిష్పత్తి. తెడ్డు పొడుగును 25 భాగాలు చేస్తే 7 లోపల, 18 బయట ఉండాలని పడవలు కట్టేవాళ్లలో ఒక లెక్క ఉంది. ఎదురుగాలి ఉన్నప్పుడు తాడును కొంచెం రెక్కవైపు జరిపితే లోపలి భాగం పెరిగి లాగుడు తేలికవుతుంది, పడవ మెల్లగా పోయినా ఆగకుండా పోతుంది. గాలి అనుకూలిస్తే తిరిగి పిడివైపు జరుపుతారు. తాడు ఉచ్చుతో ఈ మార్పు క్షణంలో పని.

తెడ్డు గూటానికి రాసుకునే చోట తోలు చుట్టడం, దాని మీద కొవ్వో నూనో రాయడం కూడా ఇందులో భాగమే. బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలిన రోజుల్లో ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకుండా ఎవరూ ఊరు దాటలేదు. తెడ్డుకు అదే శ్రద్ధ కావాలి. కిర్రుమన్నదంటే అక్కడ చెక్క అరుగుతోందని అర్థం.

ఇక ఇనుప ఆనికలు. రెండు కొమ్ములున్న ఇనుప ముక్క అడుగున ఒక కడ్డీ, ఆ కడ్డీ పడవ అంచులోని గొట్టంలో తిరుగుతుంది. తెడ్డు కొమ్ముల మధ్య కూర్చుంటుంది. తెడ్డుతో పాటు కొమ్ములూ తిరుగుతాయి కాబట్టి రాపిడి తక్కువ, గూటం కన్నా ఇదే మెత్తగా నడుస్తుంది. ఫైబర్ పడవల్లో ఇదే వాడతారు. దీని జబ్బు గొట్టం అరగడం. కడ్డీ వదులై టకటకా కొట్టుకుంటుంది. అలా కొట్టుకుంటున్న ఆనికతో పర్యాటకులను నీళ్లలోకి పంపడం తప్పు అని గట్టిగా అంటాను. నడి చెరువులో ఒక ఆనిక ఊడితే ఒక్క తెడ్డుతో పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. ఆనికకు చిన్న గొలుసు, పడవలో ఒక మూర తాడు ఉంటే ఆ ప్రమాదం రాదు. ఖర్చు వందల్లో కూడా ఉండదు.

పోటీ పడవల దగ్గరికి వచ్చేసరికి ఈ శాస్త్రం మిల్లీమీటర్లకు చేరుతుంది. ఒక్కరు నడిపే పోటీ పడవ 8 మీటర్లకు పైగా పొడుగు, నీళ్ల దగ్గర వెడల్పు 30 సెంటీమీటర్లకు అటూ ఇటూ. బరువు కనీసం 14 కిలోలు ఉండాలని నియమం. అంత సన్నని పడవ అంచున గూటం పెడితే రెండు ఆనికల మధ్య మోచేయంత దూరం కూడా రాదు, పొడుగు తెడ్డు వేసే వీలే లేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కు చెందిన హెన్రీ క్లాస్పర్ వంటివారు ఇనుప చట్రాలతో ఆనికను పడవకు బయటికి జరిపారు. 1846లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థుల పోటీలో ఆ చట్రాలు కనిపించాయి. ఆ మార్పుతో పడవ వెడల్పుకూ తెడ్డు పొడుగుకూ ఉన్న ముడి తెగిపోయింది. పడవ ఎంత సన్నగా అయినా చేసుకోవచ్చు, ఆనిక ఎంత దూరం కావాలంటే అంత. తెడ్డు పందాల చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదనే చెబుతాను.

ఆ చట్రాన్ని రిగ్గర్ అంటారు. దాని చివర నిలువుగా ఒక పిన్ను, పిన్ను మీద తిరిగే గేట్. తెడ్డు గేట్‌లో పెట్టి పైన అడ్డకడ్డీ మూసి మర బిగిస్తారు. ఒంటరి పడవలో రెండు పిన్నుల మధ్య దూరం మామూలుగా 158 నుంచి 160 సెంటీమీటర్లు. తెడ్డు సుమారు 288, అందులో లోపలి భాగం 88. 160లో సగం 80, మిగిలిన 8 సెంటీమీటర్లు నడిగీత దాటి అవతలికి పోతాయి. అంటే లాగుడు మధ్యలో రెండు చేతులూ ఒకదాన్నొకటి దాటుకోవాలి. దాటేటప్పుడు గుద్దుకోకుండా ఎడమచేయి పైన, కుడిచేయి కింద వెళ్లేలా ఎడమచేతి వైపు గేట్‌ను సుమారు ఒక సెంటీమీటరు ఎత్తులో పెడతారు. మొత్తం ఎత్తు, అంటే కూర్చునే పీట నుంచి గేట్ అడుగు దాకా, 14 నుంచి 18 సెంటీమీటర్ల మధ్య మనిషిని బట్టి. దీన్ని మార్చడానికి మరలన్నీ విప్పక్కర్లేదు. పిన్నుకు పక్కనుంచి తగిలించే చీలిక వాషర్లు ఉంటాయి, గేట్ పైన ఉన్నదాన్ని తీసి కిందికి పెడితే గేట్ ఆ మేరకు లేస్తుంది. గాలి లేచి అలలు పెరిగితే నీళ్ల మీదికి దిగేముందు ఒక వాషర్ లేపుకుంటారు. కందకుర్తి పడవలో గూటం కింద పెట్టే చెక్క ముక్క చేసే పనే ఇది.

అన్నిటికన్నా సూక్ష్మమైనది వాలు. నీళ్లలో రెక్క నిట్టనిలువుగా ఉంటే లాగుడులో లోతుకు దిగిపోతుంది, తెడ్డు పిడి పైకి ఎగిరి మనిషినే నీళ్లలో పడేయగలదు. మరీ వాలితే నీళ్లను కోసుకుంటూ పైకి తేలిపోతుంది. పోటీ పడవల్లో 4 డిగ్రీల దగ్గర నిలుపుతారు. తెడ్డు మీది తొడుగుకు ఒకవైపు చదును, గేట్ వెనుక గోడ కూడా చదును. రెండూ ఆనుకున్నప్పుడు ఆ వాలు తనంతట తానే వస్తుంది, మణికట్టు కష్టపడక్కర్లేదు. గేట్‌లో పైనా కిందా అంకెలు రాసిన చిన్న ప్లాస్టిక్ బిళ్లలు దూరుస్తారు. రెండూ 4 అయితే 4 డిగ్రీలు. ఒకచోట 5, మరోచోట 3 పెడితే వాలు ఒక డిగ్రీ మారుతుంది. నాటు తెడ్డు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ఈ సాయం లేదు. అక్కడ 4 డిగ్రీలు చూసేది మనిషి మణికట్టే. తేడా పట్టుకున్నవాడికి మాత్రం రెండింటిలోనూ చేతికి ఒకేలా తెలుస్తుంది, రెక్క నీళ్లలో 'కూర్చుంది' అని.

ఆనికను కదిలేలా చేస్తే? అదీ చేసి చూశారు. పోటీ పడవల్లో కూర్చునే పీట చక్రాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మనిషి ఒళ్లు అటూ ఇటూ కదిలినప్పుడల్లా పడవ వేగం హెచ్చుతగ్గులవుతుంది. పశ్చిమ జర్మనీకి చెందిన పీటర్-మైకేల్ కోల్బె పీటను బిగించి రిగ్గర్‌నే కదిలేలా పెట్టిన పడవతో 1981లో ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఒళ్లు కదలదు, తేలికైన చట్రం కదులుతుంది, పడవ నిలకడగా పోతుంది. చూస్తుండగానే మిగతావాళ్లూ అదే పట్టారు. 1983లో అంతర్జాతీయ సంఘం దాన్ని నిషేధించింది. అందరూ కొత్త పడవలు కొనాల్సివచ్చి ఖర్చు పెరుగుతుందన్నది వారి భయం. ఆనికను మార్చినంత మాత్రాన పందెం ఫలితాలు మారిపోయాయంటే, పడవ అంచున ఉన్న ఆ చోటు ఎంతటిదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మన రాష్ట్రంలో ఈ పోటీ పడవలకు హుస్సేన్‌సాగర్ పెద్ద కేంద్రం. గోదావరి పుట్టిన నాసిక్ జిల్లాలోనే, కరవుపీడిత గ్రామంలో పుట్టిన దత్తు భోకనాళ్ సైన్యంలో చేరాక పూణెలో తెడ్డు పట్టాడు, 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లాడు, 2018 ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో బంగారు పతకం తెచ్చాడు. నీళ్లే లేని ఊరి పిల్లవాడికి అది సాధ్యమైంది. ఏడాదిలో సగం రోజులు నిండుగా ఉండే జలాశయాల మధ్య పెరిగే నిజామాబాద్ పిల్లలకు తెడ్డు ఎలా ఆనుతుందో కూడా ఎవరూ నేర్పకపోవడం నన్ను బాధపెడుతుంది. చేపలవాళ్ల పిల్లలకు సగం విద్య ఇంట్లోనే వస్తుంది. మిగతా సగానికి ఒక కోచ్, నాలుగు పడవలు, ఒక స్పానర్ల పెట్టె చాలు.

ఒక పని మాత్రం ఎవరి అనుమతీ లేకుండా రేపే మొదలుపెట్టవచ్చు. కోచ్‌లు ప్రతి పడవకూ ఒక పుస్తకం పెట్టి పిన్నుల దూరం, ఎత్తు, వాలు, లోపలి పొడుగు రాసుకుంటారు. మన నాటుపడవల కొలతలు మాత్రం చేసిన వడ్రంగి చేతిలోనే ఉన్నాయి, ఎక్కడా రాసి లేవు. నిజామాబాద్ పాలిటెక్నిక్ విద్యార్థులు నలుగురు టేపు పట్టుకుని కందకుర్తికో, శ్రీరాంసాగర్ వెనుక నీళ్లకో పోయి పడవ వెడల్పు, గూటానికి గూటం దూరం, అడ్డపలక నుంచి గూటం దూరం, ఖాళీ పడవలో, నిండు పడవలో నీళ్ల నుంచి గూటం ఎత్తు, తెడ్డు లోపలి బయటి పొడుగులు, గూటానికి వాడిన కట్టె పేరు, తాడు రకం రాసుకుని రావాలి. నీళ్లు నిండుగా ఉండే అక్టోబరులో ఒకసారి, కందకుర్తి దగ్గర పాత శివాలయం రాళ్లు నదిలోంచి బయటపడే ఎండాకాలంలో ఇంకోసారి వెళ్లాలి, ఎందుకంటే ఆ రెండు కాలాల్లో అదే మనిషి అదే పడవకు గూటం వేరే రంధ్రంలో పెడతాడేమో చూడాలి.